పాలబండికి దారి

దిల్‌సుఖ్‌నగర్‌లో టీచరు పరీక్షకు చదివే రెండు వందల మందికి నేను శిశు మనస్తత్వం చెప్పేవాణ్ణి. తమ్ముడు పుట్టగానే పెద్దపిల్ల ఎందుకు ముడుచుకుపోతుందో, ఆటలతో ఆ ఇద్దరినీ ఎలా దగ్గర చేయాలో బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పేవాణ్ణి. చప్పట్లు కూడా పడేవి. మా ఇంట్లో నా ఐదేళ్ళ కూతురు స్పందన మాత్రం మూడు నెలల తమ్ముణ్ణి వేలితో కూడా ముట్టలేదు.

తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మెతో బడులు, కోచింగులు మూతపడ్డాయి. గడ్డిఅన్నారంలోని కిరాయి ఇంట్లో నాకు కావలసినంత తీరిక.

"నన్ను నానమ్మ దగ్గరికి పంపుండ్రి. ఆడనే బడికి పోతా" అంది స్పందన ఒకరోజు.

పోచంపల్లిలో ఉన్న మా అమ్మ వజ్రమ్మ, బస్సులు లేకపోయినా ఆటో మాట్లాడుకుని ఆదివారం వచ్చి తీసుకుపోతానంది. చంటివాడితో అలసిపోయిన నా భార్య భాగ్య సరేనంది. బిడ్డ ఇల్లు వదిలి పోతుందంటే నాకు అన్నం సహించలేదు. అయినా పండితుణ్ణి కదా, క్లాసు నోట్సు తీసి అందులోని ఆటలు ఒక్కొక్కటే మొదలుపెట్టాను.

దొంగాపోలీసు ఆడితే దొంగ ఉయ్యాల కిందే దొరికాడు. బొమ్మల పెళ్ళికి తమ్ముడే పురోహితుడు. వంటాటలో మొదటి ముద్ద వాడికే. ఆట ఉయ్యాల దగ్గరికి చేరడం, స్పందన లేచి వెళ్ళిపోవడం. దాన్ని 'ప్రతిఘటన దశ' అని రాసుకుని నాలో నేనే మెచ్చుకున్నాను.

శనివారం పొద్దున చూస్తే పడకగది గుమ్మానికి అడ్డంగా పీటలు, చాట, నా చెప్పులు. మధ్యలో స్పందన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"బంద్. లోపటికి ఎవ్వరు పోవద్దు."

లోపల తమ్ముడు ఏడుపందుకున్నాడు. వంటింట్లోంచి భాగ్య పరుగున వచ్చింది. స్పందన తల్లిని ఎగాదిగా చూసి ఒక పీట జరిపింది.

"పాలబండిని ఆపొద్దు. పో."

చౌరస్తాలో బంద్ చేసేవాళ్ళు పాలబండ్లకు దారి వదలడం అది చూసింది. ఇదే అదనని నేనూ వెనకే దూరబోయాను. చాట అడ్డం పెట్టింది.

"మీ డిమాండ్ ఏందమ్మా?" అన్నాను పెద్ద అధికారిలా.

"నాతోని ఒక్క ఆట ఆడు డాడీ. తమ్ముని కోసం కాదు."

వారం రోజులుగా నేను కూతురితో ఆడనేలేదు, దాన్ని ఉయ్యాల దాకా తోలుకుపోయాను, అంతే. ఇది రెండు వందల మందికీ ఎన్నడూ చెప్పలేదు, నాకు తెలిస్తే కదా. చాట పక్కన చతికిలబడ్డాను. మధ్యాహ్నం దాకా నినాదాలిచ్చాం, గోలీలాడాం, అటుకులు తిన్నాం. తమ్ముడి మాట ఎత్తబోయి రెండుసార్లు నాలుక కరుచుకున్నాను.

మర్నాడు అమ్మ ఆటో దిగేసరికి గుమ్మంలో మళ్ళీ మా బంద్ నడుస్తోంది.

"పోదమా బిడ్డా?" అంది అమ్మ.

"ఎట్ల ఒస్త నానమ్మా? ఈడ మనుషులు తక్కువున్నరు" అని స్పందన నా వైపు తిరిగింది. "డాడీ, వాన్ని తెచ్చి నా ఒళ్ళె పండవెట్టు. ఇద్దరితోని సమ్మె అయితదా?"