విప్పని కుట్టు

టైలరమ్మ తెల్లారగానే మిషన్‌కి నూనె వేసి తుడుస్తుంది గానీ, పొద్దెక్కేదాకా బట్ట జోలికి పోదు. ఆ వేళ పక్కింట్లో మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటారు. ఆమె కుడుతున్నప్పుడు దగ్గర్లో ఎవరేం మాట్లాడినా ఆ మాట కుట్టులో ఉండిపోతుంది. కుట్టు వెంట వేలు రాస్తే మళ్లీ వినిపిస్తుంది. వీధిలో అందరికీ తెలిసిందే. ఒకసారి బ్యాంకు మేనేజరు ప్యాంటు నడుములో పక్కింటావిడ తిట్లు పడ్డాయి. ఆయన వేరే దర్జీ దగ్గరికి పోయాడంతే. పన్నెండేళ్లయింది. టైలరమ్మ ఇప్పటికీ ఆయన ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోతుంది. అప్పటినుంచి చెడ్డమాట పడితే కుట్టు విప్పి మళ్లీ వేస్తుంది.

సాయంత్రాలు మాత్రం మనవరాలు పిట్ట మిషన్ పక్కన కూర్చుని సొంతంగా పాటలు కట్టేది. ఏడేళ్ల పిల్ల, ఒకరు నేర్పింది కాదు. ఆ సాయంత్రాలు కుట్టిన గౌన్లంటే జనం ఎగబడేవాళ్లు.

ఆ పాటలు రాసుకోవడం పిల్లకి నేర్పాలని టైలరమ్మ కొడుకు, పిట్ట నాన్న, పూనుకున్నాడు. కరెంటాఫీసు కౌంటర్లో పని వాడిది, వాడికి లోకమంతా కాగితం మీది గళ్లలో పట్టాలి. ట్యాబ్‌లోకి పాటని స్వరాలుగా రాసే నొటేషన్ యాప్‌లు దించాడు. మొదటిదాంట్లో ఎలుగుబంటి చప్పట్లు కొట్టింది. పిల్ల పాట వదిలేసి చప్పట్ల కోసమే నొక్కుతూ కూర్చుంది. రెండోది పాట మొదలుపెట్టకముందే ఏ తాళమో చెప్పమంది. ఇంకా పాడందే నాకెలా తెలుస్తుందని పిల్ల దాన్నే ఎదురడిగింది. మూడోది కూనిరాగం విని దానంతటదే రాసిపెడుతుంది. వాడికి అదే నచ్చింది.

అది పిల్ల పాట విని, సాగదీసిన చోట కత్తిరించి, ఆగిన చోట పూడ్చి, చదునుగా వినిపించింది.

"ఇది నాది కాదు నాన్నా."

"నీదేనే. నువ్వు పాడిన తప్పులు అది సరిచేసింది."

టైలరమ్మ కత్తెర కింద పెట్టింది. పిల్ల గౌను ఎవడైనా ఒంటికి అతికినట్టు కత్తిరిస్తాడా, పెరిగే ఒళ్లు గదా అని లోపల రెండంగుళాలు మడిచి వదలడా, ఆ పెట్టెకి ఆ మాత్రం తెలీదా అని అడిగింది. చదువురానిదానివి, ఇవన్నీ నీకెందుకమ్మా అన్నాడు కొడుకు.

ఆ పూట నుంచి ఆమె వాడితో మాట్లాడలేదు. కంచం పెట్టేది, కాస్త గట్టిగా పెట్టేది.

పిల్ల కూనిరాగం మానేసింది. యాప్ చూపించింది చూపించినట్టు దిద్దేది. వారం రోజుల బట్టలు మూగగా గడప దాటాయి. ఎనిమిదో రోజు టైలరమ్మ కొడుకు చొక్కాకి కాలర్ వేస్తుంటే, పక్కన కూర్చుని బొత్తాలు ఏరుతున్న తల్లి దగ్గరికొచ్చి పిల్ల మెల్లగా చెప్పింది.

"నేను పాడేవన్నీ తప్పులేనంట, నాన్న చెప్పాడు. ఇంక కట్టనులే అమ్మా."

ఆ మాట కాలర్‌లో పడింది. టైలరమ్మ చెయ్యి అలవాటుగా బ్లేడు మీదికి పోయింది. ఈ పన్నెండేళ్లలో ఏడుపున్న కుట్టు ఒక్కటీ బయటికి పంపిన మనిషి కాదు. బ్లేడు డబ్బాలోకి విసిరేసింది. బొత్తాలు కుట్టి, ఇస్త్రీ చేసి, చొక్కా వాడి కుర్చీ మీద పడేసింది.

మర్నాడు కౌంటర్లో వాడు మాటమాటకీ కాలర్ సర్దుకున్నాడు. వేలు కుట్టు వెంట పోయింది. వాడు విన్నాడు. కిటికీ అవతల బిల్లు పట్టుకుని నిలబడ్డ ముసలాయన కూడా విన్నాడు.

"ఎవరి పిల్ల బాబూ?"

వాడు బిల్లు అందుకుని తలకిందులుగా ముద్ర కొట్టాడు.

మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికొచ్చి ఆ యాప్ తీసిపారేశాడు. వెతగ్గా వెతగ్గా బొమ్మల్లేని పాతది ఒకటి దొరికింది. వేలితో గీత ఎంత లాగితే స్వరం అంత సాగుతుంది. తెలియనిచోట ఖాళీ వదలొచ్చు. ఎవరినీ సరిచేయదు. నువ్వే చూసి చెప్పమని పిల్ల చేతికిచ్చాడు. పిల్ల చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఒక గీత గీసి, సగంలో ఆగి, నాన్న మొహం చూసింది. వాడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఇంకాస్త లాగింది.

సాయంత్రం వాడు చొక్కా మడిచి తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఆ కాలర్ విప్పి మళ్లీ వెయ్యమ్మా అన్నాడు.

తొమ్మిది రోజుల తర్వాత ఆమె మొదటిసారి వాడి మొహంలోకి చూసింది.

"ఎందుకు? బట్ట గట్టిది. ఇంకో మూడేళ్లు తొడుక్కో."