రెండు వందల పన్నెండో సంతకం

"గడువు పెడదాం రండి! సంతకం చేయండి!" అని వెర్నా స్టకీ అరిచిన అరుపుకి ఫైర్ స్టేషన్ హాల్లో ఊరి ఫలహార విందుకి వేస్తున్న పాన్‌కేకులు వాటంతటవే తిరగబడ్డాయి. ముసలి ఆర్విల్ చెవిలో మాత్రం మాటే తిరగబడింది.

"గొడవ పెడతావా? తిండి దగ్గరా?" అని ప్లేటు వదిలేసి, "వెర్నా గొడవకి దిగిందర్రోయ్" అని బల్లబల్లకీ చాటి, బయట తన ట్రక్కులో బిగుసుకు కూర్చున్నాడు.

పోతే పోనీ అనుకుంది వెర్నా. నెబ్రాస్కా నుంచి వాషింగ్టన్‌కి ఎన్నికైనవాళ్లు ఇన్నిసార్లకి మించి పోటీ చేయకూడదన్న ప్రతిపాదన ఓటుకి రావాలంటే, ఈ కౌంటీ వంతు రెండు వందల పన్నెండు సంతకాలు. సరిగ్గా అన్నీ ఉన్నాయి. ఇవ్వడానికి ఇవాళే ఆఖరు; ఎదురుగా కౌంటీ ఆఫీసు పన్నెండుకి మూసేస్తారు. ఇప్పుడు పదకొండున్నర.

కాగితాలు సర్దుతున్న చెయ్యి ఆగింది. లోర్నా క్రాయిట్జ్, కింద డ్వేన్ క్రాయిట్జ్. పేర్లు రెండు, రాత ఒకటే.

"లోర్నా, ఇది డ్వేన్ పెట్టాడా?"

"ఆయన పొలంలో ఉన్నాడే. నువ్వు పోస్టాఫీసులో పనిచేసినప్పుడు ఆయన పార్సెళ్లకి సంతకం పెట్టింది ఎవరు? నేనే కదా! మొగుడు ఆయన, సంతకం నాది."

"ప్రతివాళ్లూ నా కళ్లముందే పెట్టారని నేను ప్రమాణం చేయాలే తల్లీ!"

"ఎవరు చూడొచ్చారు?"

వెర్నా పెన్ను తీసి ఆ పేరు మీద ఆపింది. ఒక్క పేరు. నిజంగానే ఎవరికీ తెలియదు. కానీ వాషింగ్టన్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా పాతుకుపోయిన మన ప్రతినిధి పాట కూడా ఇదే: మీ తరఫున నేనే పెడతాను, మీరు పొలంలో ఉండండి!

డ్వేన్ పేరు కొట్టేసింది. రెండు వందల పదకొండు.

హాల్లో మిగిలినవాళ్లలో సగం పెట్టేశారు, సగం పక్క కౌంటీవాళ్లు. వాళ్ల పేర్లు ఈ కాగితం మీద చెల్లవు. మిగిలింది ట్రక్కులో ముసలాయనే. పరుగెత్తింది.

"గొడవకే వచ్చావా?" అద్దం దించకుండానే గద్దించాడు.

"గడువు, పెద్దాయనా! గ-డు-వు! వాషింగ్టన్ వాళ్ల కుర్చీకి!"

అద్దం సగం దిగింది. "మరి ఊరంతా గొడవని చాటానే! ముందు వాళ్లందరికీ చెప్పు. నా పరువు దక్కితేనే నీకు సంతకం."

పన్నెండుకి తొమ్మిది నిమిషాలు. వెర్నా ముసలాయన్ని లోపలికి లాక్కొచ్చి, గరిటెతో పెనం మోగించింది.

"అందరూ వినండి! నేనన్నది గడువు, ఆర్విల్ విన్నది గొడవ. తప్పు ఆయన చెవిది కాదు, నా గొంతుది!"

"సగం చెవిదిలే," అని గొణిగి ఆర్విల్ పెన్ను అందుకున్నాడు. లోర్నా చూస్తుండగా తన పేరు తనే రాశాడు, ఒక్కో అక్షరం.

"ఇంకో మాట," అంది వెర్నా, కాగితాలు చంకన పెట్టి తలుపు వైపు నడుస్తూనే. "గొడవ పెట్టడానికి రాలేదు నేను. గడువు లేకే ఇన్నాళ్లూ గొడవ!"