పట్టీ నొప్పి

చివరి కుర్చీని కూడా బల్ల కాళ్ళ మధ్య ఇరికించి, తాడు బిగించి, కుర్చీలాయన గొంతుక్కూర్చున్నాడు. మూటకు కట్టిన నార పట్టీని నుదుటికి తగిలించుకుని, మెడ బిగబట్టి ఒక్క ఊపున లేచాడు. కొండెక్కే యాత్రికులు మంచు మధ్యన దర్జాగా కూర్చుని భోంచెయ్యాలిగా మరి! వాళ్ళ బల్లా కుర్చీలూ మోసీ మోసీ ఆయనకా పేరు స్థిరపడింది, జుట్టూ నెరిసింది. పట్టీ ఒరుసుకున్నచోట నుదురు మొద్దుబారి గాడి పడింది. "ఊరందరికీ కుర్చీలేసే మారాజు, ఇంట్లో ఒక్క పీట కొన్న పాపాన పోలేదు" అని భార్య దెప్పుతూనే ఉంటుంది.

ఆమె తమ్ముడికి మోతగాళ్ళ మేస్త్రీగా ఇదే మొదటి యాత్ర. ఆ పని కోసం అతను ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డాడో ఆయనకు తెలుసు. ఒక్క మనిషి దిగిపోయినా మూటలు ఆగుతాయి, మేస్త్రీ పని ఊడుతుంది.

మధ్యాహ్నం ఎక్కుడు దారిలో బావమరిది ఆపాడు.

"ఏం బావా, తూలుతున్నావ్? తలనొప్పా?"

"పట్టీ నొప్పిరా. మీ అక్కని చేసుకోకముందు నుంచీ ఉన్నదే. రెండూ అలవాటైపోయాయి."

"నవ్వులాట కాదు. పైన గాలి పల్చన. తేడాగా ఉంటే చెప్పు, దింపేస్తా."

"పోరా! నన్నే దింపేంత మొనగాడివయ్యావా?"

ఆయన అబద్ధమాడలేదు. మోతగాళ్ళందరికీ ఆ నొప్పి ఉంటుంది, పట్టీ తియ్యగానే పోతుంది. అందుకే తలనొప్పిని ఎవరూ లెక్కచెయ్యరు.

సాయంత్రం మకాంలో పట్టీ తీశాడు. నొప్పి పోలేదు. వేడి టీ తాగినా పోలేదు. బల్ల వేస్తుంటే దాని కాళ్ళు ఒక్కోటీ రెండుగా కనిపించాయి, ఛాతీలో గురగుర మొదలైంది. ఇది పట్టీది కాదని అప్పుడు తెలిసింది. కొండజబ్బుతో వెంటనే దిగి బతికినవాళ్ళనీ చూశాడు, దిగక తెల్లారేసరికి పోయినవాళ్ళనీ చూశాడు. వంటగుడారం దాకా వెళ్ళాడు. లోపల బావమరిది యాత్రికుల పెద్దతో చెబుతున్నాడు.

"మావాళ్ళు గట్టిపిండాలండీ. ఒక్కడు కూడా వెనక్కి తగ్గడు."

ఆ గొంతులో సంబరం విని కుర్చీలాయన గుడారం బయటే ఆగిపోయాడు. వాడి మాట ఈ పూటకి నిలబడనీ, పొద్దున్నే చెబుదాంలే అనుకున్నాడు. వెధవ మొహమాటం! వెళ్ళి ముడుచుకుని పడుకున్నాడు.

తెల్లవారింది. బావ నడక గుర్తొచ్చి బావమరిదికి మనసు పీకుతూనే ఉంది. చలికి బిగుసుకుపోయిన ఆయన బూట్లు తెచ్చి వంటపొయ్యి పక్కన వెచ్చబెట్టాడు. వెళ్ళి దుప్పటి మీద తట్టాడు.

"లే బావా. ఇవాళ మొయ్యొద్దు, నిన్ను నేనే కిందికి తీసుకుపోతా. మేస్త్రీ పని పోతే పోయింది. అక్కకి నేను జవాబు చెప్పుకోలేను."

ఆయన లేవలేదు. బావమరిది దుప్పటి తీసి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా, కొయ్యలా ఉంది. "ఒక్క మాట చెప్పలేకపోయావా బావా!" అంటూ అక్కడే కూలబడి భోరుమన్నాడు.

వంటగుడారంలో, పొయ్యి పక్కన, బూట్లు రెండూ సన్నగా ఆవిరి వదులుతున్నాయి.