చిప్పులో చెరిగిన నంబరు

నలభై రెండేళ్లు వచ్చాయి, నెత్తి మీద జుట్టు సగం సెలవు తీసుకుంది, బజారులో సొంత కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. అయినా అక్కగారింట్లో అతను చిన్నోడే. షాపుకొచ్చేవాళ్లకి మాత్రం సింహస్వప్నం. పాడైన కంప్యూటర్ పట్టుకొచ్చిన ప్రతివాళ్లనీ మొదట ఒకటే అడిగేవాడు, కాపీ తీసి పెట్టుకున్నారా అని. లేదన్నారో, అయిపోయారే. మిషను ముట్టుకునే ముందు ఉన్నది ఉన్నట్టు కాపీ తియ్యనివాళ్లకి కంప్యూటరెందుకు, పలకా బలపం కొనుక్కోండి అని పెద్దా చిన్నా చూడకుండా దులిపేసేవాడు. ఆ దులుపుడు విని నవ్వుకోడానికే బావ అప్పుడప్పుడు షాపుకొచ్చి స్టూలు మీద కూర్చునేవాడు.

బావ డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. ఇరవై ఏళ్లు పక్క సీట్లో కూర్చుని, ప్రాణం గొంతులోకి వచ్చినప్పుడు కూడా స్వరం పెంచకుండా మాట్లాడిన మనిషి. ఐదేళ్ల కిందట గొంతులో గడ్డ అన్నారు, స్వరపేటిక తీసెయ్యాలన్నారు. ఆపరేషనుకి ముందు మూడు వారాల పాటు, ఓ చిన్న కంపెనీ వాళ్లు ఇచ్చిన మైకు ముందు కూర్చుని రెండు వేల వాక్యాలు చదివాడు. వాటిలోంచి ఆయన గొంతును తయారుచేసి కంప్యూటర్లో పెట్టి ఇచ్చారు. బావ రెండు వేళ్లతో టైపు చేస్తే స్పీకర్లోంచి బావ గొంతే పలికేది. తర్వాత ఆ కంపెనీ మూతపడింది. గొంతు మాత్రం ఆ ఒక్క కంప్యూటర్లోనే పలుకుతుంది, ఇంకో మిషనులో పెడితే నోరు మెదపదు.

కాగితం మీద రాసి చూపించొచ్చు కదా అంటారేమో. కాగితం వంటింట్లోకి వినపడదు. అక్క పొయ్యి దగ్గరుంటే ముందుగదిలోంచి బావ ఏదో ఒకటి అనాలి, ఆవిడ దానికి అక్కణ్నుంచే ఎదురు సమాధానం చెప్పాలి. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంటి కాపురం అలాగే నడిచింది.

ఐదేళ్లలో ఆ కంప్యూటర్ ముసలిదైపోయింది. టైపు చేసిన మాట బయటపడడానికి పావు నిమిషం తీసుకునేది. బావ ఓ ఛలోక్తి విసిరితే, అది పలికేసరికి అందరూ ఇంకో సంగతిలో పడిపోయేవారు. నవ్వు రావలసిన చోట ఎవరూ నవ్వేవారు కాదు. ఆ క్షణంలో బావ మొహం చూడలేకపోయేవాడు చిన్నోడు. ఆ ఛలోక్తుల్లో ముప్పాతిక వంతు తన బట్టతల మీదే అయినా సరే.

అందుకని దానికి సరిపోయే వేగమైన ప్రాసెసర్ ఒకటి వెతికి పట్టుకొచ్చాడు. చిక్కేమిటంటే, ఆ పాత మదర్‌బోర్డు ఈ కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. గుర్తుపట్టాలంటే బోర్డు మీద గోరంత చిప్పులో ఉండే బయోస్‌ని మార్చాలి. స్విచ్చు నొక్కగానే ముందుగా లేచి మిగతావాటన్నిటినీ నిద్రలేపే ప్రోగ్రాం అది. సరిగ్గా అదే బోర్డున్న ఎవరో మహానుభావుడు తన బయోస్‌ని మార్చుకుని, పనిచేస్తోందని ఇంటర్నెట్‌లో పెట్టాడు. చిన్నోడు దాన్ని దింపుకున్నాడు. ఆదివారం పొద్దున్నే కొత్త ప్రాసెసరూ లాప్‌టాపూ క్లిప్పూ స్క్రూడ్రైవరూ సంచిలో వేసుకుని అక్కగారింటికి బయల్దేరాడు.

బావ కంప్యూటర్ ముందే కూర్చుని ఉన్నాడు. దీన్ని పరుగెత్తిస్తాను, చెయ్యనా అని అడిగాడు చిన్నోడు. బావ ఏమీ అనలేదు. కాదనలేదుగా అనుకుని స్విచ్చు ఆపేసి, పెట్టె పక్కకు తిప్పి మూత ఊడదీశాడు. చిప్పుకి క్లిప్పు తగిలించి తన లాప్‌టాప్‌కి కలిపాడు. తెర మీద రెండే మీటలు. ఒకటి చిప్పులో ఉన్నది చదివి కాపీ తీస్తుంది, రెండోది కొత్తది రాస్తుంది. లోపల్నుంచి అక్క, వడ్డించేస్తున్నానురా అని కేకేసింది. చిన్నోడు రెండోది నొక్కాడు.

ఊరందరికీ నీతులు చెప్పే పెద్దమనిషి, సొంత బావ విషయంలో ఆ మొదటి మీట మానేశాడు. మనవాళ్లదే కదా, ఏమవుతుందిలే అనిపించింది, అంతే.

కొత్త ప్రాసెసర్ బిగించి స్విచ్చు వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. కంగారు పడలేదు, ఇది మామూలే. బోర్డు మీద బిళ్ల సెల్లు తీసి, కాసేపాగి పెట్టాడు. మెమరీ ముక్కలు రెండిట్లో ఒకటి పీకేశాడు. తెర వెలిగింది, కొత్త ప్రాసెసర్ పేరు కూడా కనిపించింది. కానీ ఫ్యాను గుట్ట ఎక్కుతున్న లారీలా హోరెత్తిపోతోంది. అమరికల్లోకి వెళ్లి దాన్ని తగ్గించాడు. ఇంటర్నెట్ రాలేదు. ఇదేమిటి చెప్మా అని చూస్తే, నెట్‌వర్క్ భాగానికుండే గుర్తింపు నంబరు మారిపోయి ఉంది. గబగబా బావ గొంతు ప్రోగ్రాం తెరిచాడు. ఈ కంప్యూటర్‌లో పనిచేసే అనుమతి లేదని ఒక్క ముక్క చూపించి మూసుకుపోయింది.

దింపుకున్న ఫైలు మళ్లీ తెరిచి చూశాడు. ఆ మహానుభావుడు పెట్టింది ఒట్టి ప్రోగ్రాం కాదు, తన చిప్పు మొత్తానికి నకలు. అందులో అతని బోర్డు నంబర్లూ ఉన్నాయి. రాసేటప్పుడు బావ బోర్డు నంబరు చెరిగిపోయి, ఎవరిదో పరాయి నంబరు వచ్చి కూర్చుంది. గొంతు ప్రోగ్రాం ఆ నంబరు చూసే పలుకుతుంది. బోర్డు మీద అంటించిన చీటీలో ఉన్నది వేరే నంబరు. కావలసింది చిప్పులో తప్ప ఎక్కడా లేదు. కాపీ ఉంటే రెండు నిమిషాల పని. కాపీ లేదు.

ఏమైందిరా అని అక్క అడిగితే, ఏదో అప్‌డేట్ గొడవలే, షాపుకి తీసుకెళ్లి చూస్తానన్నాడు. ఆ అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే ఆశ్చర్యం. బావ కాగితం మీద 'సరే' అని రాశాడు. ఇంకో రోజైతే బట్టతల మీద ఒక చరణమైనా కట్టేవాడు. ఆ ఒక్క మాటే రాసి పెన్ను మూత పెట్టేశాడు.

సోమ, మంగళ, బుధ. చిన్నోడు షాపులో ఆ బోర్డు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. పాత ప్రాసెసర్ తిరిగి పెట్టాడు, లాభం లేదు. తయారీదారుల అసలు బయోస్ రాశాడు, నంబరు ఉండాల్సిన చోట సున్నాలు వచ్చాయి. మూతపడ్డ కంపెనీ ఫోను నంబరు పట్టుకుని చేస్తే ఎవరో మిఠాయి కొట్టువాడు ఎత్తాడు. ఒక ముసలాయన పాడైన లాప్‌టాప్ తెచ్చి, కాపీ తియ్యలేదు బాబూ, తిట్టకు అన్నాడు. చిన్నోడు తలెత్తలేక, ఫరవాలేదండీ అన్నాడు. ముసలాయన కంగారుపడి, ఒంట్లో బాగుందా నాయనా అని అడిగాడు.

గురువారం పొద్దున అక్క షాపుకొచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. స్టూలు మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, బాగవుతుందా లేదా అని సూటిగా అడిగింది. చూస్తున్నానన్నాడు. నాలుగు రోజులుగా పొయ్యి మీద ఏది పెట్టినా మాడిపోతోందట. ముందుగదిలో మనిషి ఉన్నాడో లేడోనని ఐదు నిమిషాలకోసారి వచ్చి చూసుకుంటోందట.

"మొదటిసారి గొంతు పోయినప్పుడు డాక్టరు నెల ముందే చెప్పాడురా. ఏడ్చి, మనసు రాయి చేసుకున్నాను. ఈసారి ఎవరూ చెప్పలేదు" అంది.

అక్క వెళ్లాక చిన్నోడు మళ్లీ ఆ బోర్డు ముందుకు లాక్కున్నాడు. తన చేతులంటే తనకే అసహ్యం వేసింది. ఆ తర్వాత, గొంతు ప్రోగ్రాం నంబరు చూసే పలుకుతుందంటే, చూసినప్పుడల్లా ఎక్కడో రాసుకుని ఉండాలి కదా అని తట్టింది. డిస్కు తీసి తన కంప్యూటర్‌కి కలిపి, ఆ ప్రోగ్రాం ఫైళ్లన్నీ గాలించాడు. నిజంగానే దినచర్యలాంటి ఫైలొకటి దొరికింది. మొదలైన ప్రతిసారీ బోర్డు నంబరు, దాని కింద బావ టైపు చేసిన ప్రతి మాటా, టైముతో సహా. నంబరు దొరికింది. ఆనందంతో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

బావ మాటలు చదవకూడదనే అనుకున్నాడు. కానీ ఫైలు చివరి వరస కళ్ల ముందే ఉంది. ఆదివారం, తను స్విచ్చు ఆపేసిన నిమిషం. మిగతా వరసలన్నిటి పక్కనా పలికినట్టు టిక్కు ఉంది, దీనికొక్కదానికే లేదు.

'ఆగరా. ముందు ఉన్నది ఉన్నట్టు కాపీ తీ'

అక్కడికి కరెంటు పోయింది. తీసింది తనే. లేచినవాడు మళ్లీ కూలబడ్డాడు. బావ ఏమీ అనలేదనుకున్నాడు గానీ, అంటూనే ఉన్నాడు. అడిగినవాడు జవాబు వచ్చేదాకా నిలబడలేదు. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు ఇలా చేశానో కదా అనిపించి, కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ మహానుభావుడి బయోస్‌లోనే అతని నంబరు తీసేసి బావ నంబరు వేసి, చిప్పుకి రాసి, రాసింది రాసినట్టు ఉందా అని రెండుసార్లు సరిచూశాడు. కొత్త ప్రాసెసర్ పెట్టి స్విచ్చు వేశాడు. గొంతు ప్రోగ్రాం మారుమాట్లాడకుండా తెరుచుకుంది. దాంతో ఒక్క మాటైనా పలికించి చూడలేదు. మొదటి మాట తనది కాకూడదనుకున్నాడు.

మధ్యాహ్నం తీసుకెళ్లి ముందుగదిలో బిగించాడు. బావ కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. అక్క గుమ్మంలో నిలబడింది.

"అప్‌డేట్ కాదు బావా. కాపీ తియ్యకుండా నేనే చెరిపేశాను. నువ్వు ఆగమని టైపు చేస్తుంటే స్విచ్చు ఆపేశాను" అన్నాడు చిన్నోడు.

బావ రెండు వేళ్లూ కీబోర్డు మీదకి వచ్చాయి. మిషను ఇప్పుడు గుర్రమే, అయినా మాట వెంటనే రాలేదు. బావ ఆలోచించుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తప్పొస్తే చెరిపి మళ్లీ కొడుతున్నాడు. చిన్నోడి జేబులో ఫోను మోగి మోగి ఆగిపోయింది. కదల్లేదు.

"అప్‌డేట్ కాదని ఆ రోజే తెలుసురా" అంది బావ గొంతు. "చెప్తావని చూస్తున్నా. ఆగడం నాకు అలవాటేగా."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్నోడికి తల కొట్టేసినట్టయింది. సంచిలోంచి క్లిప్పూ లాప్‌టాపూ బయటికి తీశాడు. చిప్పు కాపీ తియ్యాలంటే మిషను ఆపాలి. స్విచ్చు మీదకి చెయ్యి వెళ్లింది.

"బావా, ఒక్క నిమిషం ఆపనా?" అని అడిగాడు.

బావ వేళ్లు మళ్లీ కదిలాయి. చిన్నోడు స్విచ్చు మీంచి చెయ్యి తీసేసి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.