మణిగారు ఆడా, మగా?

టాటానగర్‌లో గూడ్సు బళ్ళు నడిపి రిటైరైన గోవిందరావుకి భార్య అమ్మణ్ణి రాస్తున్న నవల మీద ఒకటే ఫిర్యాదు. అందులో మణిగారు అనే మనిషి ఆడో మగో ఆవిడ ఎక్కడా చెప్పలేదు.

తెలుగు సంఘం పత్రికలో నెలనెలా వస్తోంది ఆ నవల. రైల్వే కాలనీలో ఓ గది అద్దెకి తీసుకున్న మణిగారు లుంగీ కట్టుకుంటారు, మౌతార్గాన్ వాయిస్తారు, చేపల పులుసు అద్భుతంగా పెడతారు. పక్కింటి టీచరమ్మ ఊరెళితే దిగులుపడతారు. వచ్చారు, వెళ్ళారు, నవ్వారు అని తప్ప అమ్మణ్ణి మరోలా రాయదు. మర్యాద చాటున గుట్టంతా దాచేసింది.

సంఘం సెక్రటరీ జగ్గారావు మణిగారు మగాడేనన్నాడు, ఆడది ఒంటరిగా గది తీసుకోదని. ఊళ్ళోనే కాసిడీహ్‌లో ఉండే వరహాలమ్మ ఆడదేనంది, ఏ మగాడూ చేప పొలుసు అంత శుభ్రంగా తియ్యడని. గోవిందరావు మాత్రం పైకి నవ్వుతూ లోపల ఉడికిపోయేవాడు. పెళ్ళికి ముందు పలాసలో అమ్మణ్ణి వాళ్ళ పక్కవాటాలో ఎవరో మౌతార్గాన్ వాయించేవారని అత్తగారు ఎప్పుడో అన్న మాట ఆయనకి గుర్తుంది.

ఒకరోజు టిఫిన్ తింటూ అడిగేశాడు. "నిజం చెప్పు. ఆ మణి ఎవుడు?"

"ఎవుడని మీరే అంతన్నారు. నేనెక్కడా అన్లేదు," అంది అమ్మణ్ణి దోసె తిరగేస్తూ.

"మరి ఎవర్తి?"

"అదీ మీరే అంతన్నారు."

కాలేజీలో చదువుతున్న మనవరాలు హాసిని పొలమారేలా నవ్వింది. గోవిందరావు ఆ పూట రెండో దోసె వద్దన్నాడు.

ఆఖరి భాగంలో టీచరమ్మ, మణిగారు కలిసి అగ్రికో కాలనీలో కాపురం పెట్టారు. దాంతో జగ్గారావు అడ్డం తిరిగాడు. మగాడని ఒక్క ముక్క రాస్తేనే వేస్తానన్నాడు. రాయనంది అమ్మణ్ణి. గోవిందరావు ఆ కాగితాలు తీసుకుని కూర్చున్నాడు. జ్వరంతో పడుకున్న టీచరమ్మ దగ్గర మణిగారు మాటిమాటికీ నుదురు తాకి చూస్తూ, తనంటే ఆవిడకి ఇష్టమో కాదో అడగలేక సతమతమవుతారు. పెళ్ళైన కొత్తలో అమ్మణ్ణి దగ్గర తన అవస్థ అచ్చంగా అదే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, స్కూటర్ తీసి సీతారామ్‌డేరాలో జగ్గారావు ఇంటికెళ్ళాడు.

"మణి ఎవులో నీకైనా తెలుసా?" అన్నాడు జగ్గారావు.

"తెల్దు. అందుకే కదా నెలనెలా చదువుతున్నాను. నువ్వు చెప్పేత్తే నాకింక నీ పత్రికెందుకు?"

జగ్గారావు గొణుక్కుంటూనే వేశాడు.

పత్రిక వచ్చిన రోజు హాసిని అది రెండుసార్లు చదివింది. తర్వాత వరండాలో తాతగారి పక్కన చేరి, చాలాసేపు గోళ్ళు చూసుకుని అడిగింది.

"తాతయ్యా, మణిగారు ఆడవాళ్ళే అయితే? బురా లగేగా ఆప్‌కో?"

"బాధెందుకే? మగాడైతేనే నాకు కంగారు," అన్నాడు గోవిందరావు.

హాసిని నవ్వబోయి ఏడ్చేసింది. ఆయన కంగారుపడి వీపు నిమిరాడు. కాసేపటికి ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, ఉజ్వల అని తనతో చదివే అమ్మాయి ఉందనీ, ఇంటికి పిలవాలనుందనీ చెప్పింది. ఆ పేరు ఫోన్లో ఆయన ఎన్నిసార్లు విన్నాడో.

"ఆదివారం రమ్మను," అన్నాడు. "మీ మామ్మని మాత్రం ఆ పిల్ల మీద నవల రాయొద్దని చెప్పు."