ఒకటి రొట్టె, రెండు కూడిక

సరోజన చెవిలో ఒక మాట పడితే చాలు, మిగతా తొమ్మిదీ తనే అల్లుకుంటుంది. పైగా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ ఏడాది వానాకాలంలో నరేందర్ సారు బడి వరండాలో కూర్చుని ఆమెకు చాలా సంగతులే చెప్పాడు. ఆమె చెవిన పడ్డది మాత్రం ఒక్కటే, క్యాంపు.

నరేందర్ సారు పాఠాలు చెప్పే పంతులు కాదు. చదువులో వెనకబడ్డ పిల్లలు ఎందుకు వెనకబడ్డారో కనిపెట్టడానికి మల్లాపూర్ మండలంలోని బడులన్నీ మోటారు సైకిల్ మీద తిరుగుతుంటాడు. సరోజన కూతురు ప్రీతి మూడో తరగతి. నిరుడు ముత్యాల్లాంటి అక్షరాలు రాసిన పిల్ల ఈ ఏడు గీత మీద రాయలేకపోతోందని, బోర్డు మీద ఒకటుంటే పలక మీద ఇంకొకటి దించుతోందని క్లాసు టీచరు చెబితే వచ్చాడు. బొమ్మలు గీసిన అట్టముక్కలు ఒక్కొక్కటే పిల్ల ముందు పెట్టి, "ఇది గియ్యి" అన్నాడు. గుండ్రం, కూడిక గుర్తు, చతురస్రం, త్రిభుజం, ఆఖరికి డైమండు. మొదటి రెండూ ఎలాగో గీసింది. చతురస్రానికి మూలలు కలవలేదు. ఆ తర్వాత గీసినవి ఏమిటో గీసిన పిల్లకే తెలియాలి.

"కన్ను చూసింది చెయ్యి గియ్యాలె అక్కా" అన్నాడు సారు, గడప దగ్గర కూర్చుని అంతా చూస్తున్న సరోజనతో. "నడుమ ఎక్కడనో తెగుతున్నది. కన్ను తానా, చెయ్యి తానా, లోపల తలకాయల్నా, అది తెల్వాలె. ముందుగాల కండ్ల డాక్టరుకు చూపియ్యి. అటెనుక కోరుట్లల క్యాంపు పెడ్తున్నరు, జగిత్యాల నుంచి పెద్ద డాక్టరు అస్తడు. గప్పుడు మల్ల ఇవే గీపిచ్చి చూస్త. గీయకుంటె డాక్టరు తానికి పంపిస్త."

"సరే సార్" అంది సరోజన.

క్యాంపంటే ఏమిటో ఆమెకు తెలుసు. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో ఆమె అక్క ఉంది. అక్క కొడుకు బాలకిషన్‌ను ఇలాంటి క్యాంపుకే తీసుకుపోయారు. తెలివి తక్కువని కాగితం ఇచ్చారు. ఆ కాగితం వచ్చిన రోజు నుంచి వాడికి అ ఆలు చెప్పిన పాపాన పోయినవాడు లేడు. "వానికి సర్టిఫికెట్ ఉన్నదమ్మా, ఏం చెప్పినా గంతే" అని బడి పంతులు నవ్వుతూ అన్నాడట. ఇప్పుడు వాడు మరమగ్గాల షెడ్డులో కింద పడ్డ దారం కండెలు ఏరుకుంటున్నాడు. ప్రీతిని అలా కానివ్వనని, బొందిలో ప్రాణం ఉండగా ఆ కాగితం తన ఇంటికి రానివ్వనని సరోజన ఆ వరండాలోనే ఒట్టు పెట్టుకుంది. కళ్ల డాక్టరు మాట ఆ ఒట్టు కింద పడి నలిగిపోయింది.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడికి తాళం పడింది, బస్సులు డిపోల్లోంచి కదల్లేదు, క్యాంపు వాయిదా పడింది. సరోజన మొగుడు దేవదాస్ ముత్యంపేటలో హమాలీ. పని లేక పొద్దస్తమానం రోడ్డు మీది టెంటులో కూర్చుని నినాదాలిచ్చి, గొంతు పోగొట్టుకుని ఇంటికి వచ్చేవాడు. ఊరికంతా సమ్మె గాని బీడీల చాటకు సమ్మె లేదు. సరోజన ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, తంబాకు చుడుతూ, పక్కన ప్రీతిని కూర్చోబెట్టుకుని బడి మొదలుపెట్టింది.

సారు చూపించిన అయిదు బొమ్మలూ ఆమెకు వరసతో సహా గుర్తున్నాయి. వాటికి పేర్లు తనే పెట్టింది. ఒకటి రొట్టె, రెండు కూడిక. మూడోది రేకు, ఎందుకంటే ఆకును కొలిచి కత్తిరించే రేకు అచ్చం అలాగే ఉంటుంది. నాలుగు సమోసా. అయిదు పతంగి. పిల్ల మణికట్టు పట్టుకుని నేల మీద సుద్దముక్కతో దిద్దించింది. గీతలు ఎటో పోతున్నాయని ఒక ఉపాయం కూడా కనిపెట్టింది. ఎడమ చేతి బొటనవేలు కాగితం మూలకు ఆనించాలి, అక్కడి నుంచి బెత్తెడు లోపలికి వచ్చి గీత మొదలుపెట్టాలి, ఎంత దూరం పోవాలో మనసులో లెక్కపెట్టుకోవాలి. తప్పితే బీడీ కట్టల దారం చుట్టిన కర్రతో వేళ్ల మీద ఒక్కటి వేసేది. ఏడిస్తే దగ్గరికి తీసుకుని బెల్లంముక్క నోట్లో పెట్టేది. అలా కొట్టినా పెట్టినా ఆ తల్లికి తెలిసిన ప్రేమ అదే, ఆమెను తిట్టడానికి నాకు నోరు రాదు.

పొద్దున లేస్తూనే ప్రీతి తల పట్టుకునేది. కడుపులో ఏమీ లేకుండానే భళ్లున కక్కేది. సరోజన కంగారు పడలేదు. బీడీలు చేసే ఇంట్లో పుట్టిన పిల్లలకు తంబాకు ఘాటుకు కడుపులో తిప్పడం, తల నొయ్యడం వింతేమీ కాదు, చిన్నప్పుడు ఆమె కూడా అలాగే కక్కింది. తంబాకు సంచీ తీసుకుపోయి పెరట్లో సాయబాను చూరు కింద పెట్టింది, పిల్ల చాప కిటికీ దగ్గరికి జరిపింది, శొంఠి నీళ్లు తాగించింది. మనిషన్నవాడు చేయవలసినవన్నీ చేసింది పాపం.

ఒకనాడు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఊరంతా అక్కడే తిన్నది. విస్తరి పట్టుకుని వస్తూ ప్రీతి టెంటు తాడుకు తట్టుకుని బోర్లా పడింది. అన్నం మట్టిపాలైంది. కూర్చున్నవాళ్లు నవ్వారు.

"కండ్లు కనవడ్తలేవానె నీకు!" అని సరోజన వీపు మీద చరిచింది. పిల్ల నేల తడిమింది. మెతుకులు ఏరబోతే మట్టే చేతికి వచ్చింది.

సమ్మె ఆగింది, బస్సులు తిరిగాయి, కోరుట్లలో క్యాంపు పెట్టారు. బడి ఆవరణ నిండా పిల్లలు. నరేందర్ సారు పొద్దుటి నుంచి ఒక్కడే అందరినీ చూస్తున్నాడు, అన్నం కూడా తిన్నట్టు లేడు. ప్రీతిని బల్ల ముందు కూర్చోబెట్టి కాగితం, పెన్సిలు ఇచ్చాడు. మొదటి అట్ట తీసి ముందు నిలబెట్టాడు.

"ఇది గియ్యి బిడ్డా."

ప్రీతి బొటనవేలు కాగితం మూలకు ఆనింది. వంగి, గుండ్రంగా గీసింది. రెండో అట్ట, కొత్త కాగితం, రెండో బొమ్మ. మూడోది వచ్చేసరికి సరోజన మెడ చాచి చూసింది. నాలుగు మూలలూ కలిశాయి. త్రిభుజం నిలబడింది. డైమండు కాస్త వంకర పోయినా డైమండే. సారు ముఖం వెలిగిపోయింది.

"అరె, మొన్న ఒక్కటి సక్కగ రాలె! గిట్ల గీసే పిల్లకు డాక్టరెందుకక్కా? ఇంటికి తోల్కపో. ఇగ భయం లేదు."

ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది. గేటు బయట బండి దగ్గర వేడివేడి మిర్చిబజ్జీ కొని బిడ్డకు అందించింది. ప్రీతి చెయ్యి చాపింది గాని అది బజ్జీకి బెత్తెడు ఇవతలే ఆగింది. సరోజనే దాన్ని వేళ్ల మధ్య పెట్టింది.

"సారు అట్టల మీద బొమ్మలు మంచిగ చూసి గీసినవ్ బిడ్డా."

"ఏ అట్టలమ్మా?"

"సారు నీ ముంగట పెట్టలేదానె?"

"ఏందో తెల్లగ వుండె. సారు చెయ్యి అనుకున్న. ఇది గియ్యి అంటె ఒకటోది గీసిన. మల్ల అంటె రెండోది." బజ్జీ నములుతూ ఎంతో తేలిగ్గా చెప్పింది పిల్ల.

సరోజన బిడ్డ గడ్డం పట్టి కళ్లలోకి చూసింది. "ఎప్పటిసంది కనవడ్తలేదే?"

"బతుకమ్మ కంటె ముందుగాల్నుంచి. చెప్తె కొడ్తవని చెప్పలె."

లోపలికి పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇంటికి పోతే ప్రీతి పాసైన పిల్ల. లోపలికి పోతే మళ్లీ ఆ కాగితం, ఆ బాలకిషన్ బతుకు. ఒక్క క్షణం బస్టాండు దిక్కు చూసింది, అబద్ధమెందుకు. తర్వాత బిడ్డను చంకనెత్తుకుని వెనక్కి ఉరికింది.

డాక్టరు జీపులో ఒక కాలు పెట్టి ఉన్నాడు. సరోజన ఆయన ముందు కూలబడి, "సార్, నా బిడ్డ గీయలె. నేను నేర్పిన. వరస నేర్పిన. దానికి కండ్లు కనవడ్తలేవు సార్" అంది. వెనకే వచ్చిన నరేందర్ సారు చేతిలోని అట్టలు కింద పడిపోయాయి.

డాక్టరు ప్రీతిని మళ్లీ అదే బల్ల దగ్గర కూర్చోబెట్టి, చిన్న లైటు వేసి రెండు కళ్లలోకీ చాలాసేపు చూశాడు. లేచి, సరోజనను నాలుగడుగులు పక్కకు పిలిచాడు.

"పొద్దున లేవంగనే వాంతులు అయితున్నయా?"

"అయితయి సార్. అది తంబాకు ఘాటుకు."

"తంబాకు కాదమ్మా. తలల ఏదో గడ్డ పెరుగుతున్నట్టున్నది. అది వత్తుకుంటె కంటి నరాలు ఎండిపోయినయి. రాత్రికి హైదరాబాదు బయలుదేరున్రి, ఆపరేషన్ చేస్తె పానం దక్కవచ్చు." ఆగి, గొంతు తగ్గించాడు. "పోయిన చూపు మాత్రం రాదు. మొదలే తెస్తె వేరుండె."

సరోజన ఏడవలేదు. ఏడుపు రాలేదు. చేతులు రెండూ నెత్తిన పెట్టుకుని నిలబడింది. ఇన్నాళ్లూ ఆ వేళ్ల మీద కొట్టి కొట్టి నేర్పింది, డాక్టరుకు బిడ్డను చూపించకుండా ఉండడానికా?

ఇవతల ప్రీతికి ఏ మాటా సరిగ్గా వినపడలేదు. పెద్దవాళ్లు గుసగుసలాడుతున్నారు, అమ్మ పలకడం లేదు. తాను ఫెయిలైందని పిల్లకు అర్థమైంది. తడుముతూ పెన్సిలు దొరకబుచ్చుకుంది. కాగితం ఎవరో ఎప్పుడో తీసేశారు. బొటనవేలు బల్ల మూలకు ఆనించి, బెత్తెడు లోపలికి కొలుచుకుని, ఒట్టి చెక్క మీద రొట్టె గీయడం మొదలుపెట్టింది.

"మల్ల గీస్తున్ననే అమ్మా" అంది. "ఈసారి మంచిగ గీస్త. కొట్టకే."