సున్నం గీత దాటని నత్తలు

ఒవీదియోకి సున్నమంటే పిచ్చి. పైనుంచి ఎవరో వస్తున్నారని చెవిన పడితే చాలు, బకెట్టూ కుంచే పట్టుకుని బయల్దేరతాడు. వచ్చేది మంత్రే కానక్కర్లేదు, పశువుల డాక్టరైనా సరే. దారి పక్క రాళ్ళకీ, కంచె గుంజలకీ, చెట్ల మొదళ్ళకీ తెల్లగా సున్నం పడి తీరాల్సిందే. ఈ కొండల్లో అందరికీ ఉన్న అలవాటే అది, కాదనడం లేదు. కానీ అందరికీ ఉన్నది జలుబైతే ఈయనకున్నది జ్వరం.

ఆ మాట ఆయన పెళ్ళాం నెరెయ్దాకి ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తెలుసు. అయినా ఆ శుక్రవారం చీకటితోనే ఆయన్ని ఒంటరిగా వదిలేసి కొండ దిగి వెళ్ళింది. బుద్ధి గడ్డి తిన్నదంటే అదే మరి.

ఆవిడ వెళ్ళింది రోడ్డు మలుపులో డాక్టరమ్మని కలుసుకోవడానికి. డాక్టరమ్మంటే మందులిచ్చే డాక్టరు కాదు, నత్తల డాక్టరు. పేరు లిస్బేత్, ముప్ఫై ఏళ్ళుంటాయి, సాంతియాగో పట్నం నుంచి వచ్చింది. మూడు రోజులుగా నెరెయ్దా కాఫీ తోటలో మెడ వెనక్కి వాల్చి చెట్లకేసి చూస్తూ తిరుగుతోంది. మెడ పట్టేసి, ఇప్పుడు మామూలుగా నడిచేటప్పుడు కూడా ఆకాశం వైపే చూస్తోంది.

"పిన్నీ, నత్తలేమైనా దిగాయా?" అంది లిస్బేత్, పలకరింపు కూడా లేకుండా.

"ఎక్కడే! నాలుగు నెలలైంది చుక్క వాన పడి. నేనే చెట్టెక్కి వాటి పక్కన పడుకోవాలనిపిస్తోంది."

మలుపు దగ్గర బుల్డోజరు నిలబడి ఉంది. సోమవారం కొండెక్కుతుంది. కొత్త రోడ్డు గీత సరిగ్గా నెరెయ్దా తోట మధ్యలోంచి పోతోంది. కాఫీ మొక్కలంటే మళ్ళీ నాటుకోవచ్చు. వాటికి నీడనిచ్చే ఎనభై నాలుగు పెద్ద చెట్లు కొట్టేస్తే వాటి మీద బతికే పసుపు నత్తలకి మరో చోటు లేదు. రంగురంగుల నత్తలు ఈ దీవి తూర్పు కొసన చాలా కొండల్లో ఉన్నాయి గానీ, ఈ నిమ్మపండు పసుపు రకం ఉన్న కొండలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

గీత జరపడానికి దారి ఒక్కటే ఉంది. ఒకే రోజున, ఒకే తోటలో, బతికున్న పసుపు నత్తలు ముప్ఫై, చెట్టు మీదే, ఉన్న చోటే కంటికి కనపడాలి. అప్పుడు రోడ్డు ఏటి వైపు తిరుగుతుంది. లెక్క రాసిన కాగితం తీసుకెళ్ళడానికి ఆ సాయంత్రం నాలుగింటికి రోడ్డు ఆఫీసు వాళ్ళ జీపు వస్తుంది. మూడు రోజుల్లో లిస్బేత్‌కి కనిపించినవి ఏడంటే ఏడు, అవీ కింద మొదళ్ళ మీద మిగిలిపోయినవి.

"ఉన్నాయని నాకు తెలుసు పిన్నీ. కాగితానికి తెలీదు కదా!" అంది లిస్బేత్ ఎగశ్వాసతో కొండెక్కుతూ.

ఉన్నాయి. ఎండలు ముదిరేసరికి మిగిలిన నత్తలన్నీ పైకొమ్మల్లోకెక్కి, బెరడుకి అంటుకుని, గుల్ల మూతికి పలచటి రేకు కట్టేసుకుని నిద్రపోయాయి. ఒంట్లో ఉన్న కాస్త తడీ ఆరిపోకుండా అదో ఏర్పాటు. చెట్టు ఊపి రాలుద్దామా అంటే రేకు ఊడి చచ్చిపోతాయి. వాన పడేదాకా అంతే.

ఆఖరి మలుపు తిరిగారు. నెరెయ్దా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఎనభై నాలుగు చెట్లూ తెల్లగా మెరిసిపోతున్నాయి. నేల దగ్గర్నుంచి ఛాతీ ఎత్తు దాకా, గీత గీసినట్టు.

ఒవీదియో ఆఖరి చెట్టు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు, మీసాల నిండా సున్నం. "దయచేయండి డాక్టరమ్మా! తెల్లారక ముందు మొదలుపెట్టా. జీపులో పెద్దాయన వస్తున్నాడుగా!"

లిస్బేత్ మొదటి చెట్టుని వేలితో గీకి చూసింది. నెరెయ్దాకి మాట వరదలా వచ్చింది.

"నీ చేతులు పడిపోనూ! వాటి తిండయ్యా అది! బెరడు మీది నాచు తినే కదయ్యా అవి బతికేది! కాఫీ కొమ్మల మీది బూజు నాకి శుభ్రం చేసేది అవే కదా! కొంప ముంచావు కదయ్యా!"

"నాచు ఎక్కడుందే? ముందే కత్తితో గీకేశాగా," అన్నాడు ఒవీదియో గర్వంగా. ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "నత్తలకి మాత్రం ఒక్క చుక్క అంటనివ్వలేదు, ఒట్టు. ఇదిగో, జాగ్రత్తగా తీసి పెట్టా."

టోపీ తిరగేసి చూపించాడు. అందులో అరిటాకు పరుపు మీద ఏడు పసుపు నత్తలు.

"ఏడూ ఇవేనా?" అంది లిస్బేత్, టోపీలోకి వంగి. "పీకినవి లెక్కలోకి రావు బాబాయ్. చెట్టు మీదున్నవే లెక్క."

అంటే ఏడు కాస్తా సున్నా అయింది. ఒవీదియో టోపీ వైపు చూశాడు, చెట్ల వైపు చూశాడు, మెల్లిగా బకెట్టు కింద పెట్టాడు. "కడిగేస్తా," అన్నాడు. తర్వాత తనే నాలిక్కరుచుకున్నాడు. "కడిగితే పోదు. ఉప్పూ, నాగజెముడు జిగురూ కలిపా. వానకి కూడా పోదు."

వాన అనేసరికి నెరెయ్దా తిట్టబోతున్న తిట్టు మధ్యలో ఆపేసింది.

"పంపు," అంది.

"ఏం పంపే?"

"కాఫీ గింజలు కడిగే షెడ్డులో డీజిల్ పంపుంది కదా. ఏట్లో పెట్టి పైకి కొడితే వాన కాదా? డాక్టరమ్మా, నీళ్ళు పొయ్యకూడదని నీ కాగితంలో రాసుందా?"

లిస్బేత్ కళ్ళు మెరిశాయి, అంతలోనే మొహం ముడుచుకుంది. "రాసి లేదు. కానీ పిన్నీ, ఒక్కసారి లేపి వదిలేస్తే దాచుకున్న తడంతా ఖర్చైపోయి చస్తాయి. లేపితే అసలు వాన పడేదాకా రోజూ పొయ్యాలి."

"పోస్తాం. ఈయన పోస్తాడు."

"నేనా?"

"మరి పక్కింటాయనా!"

పంపుంది, డీజిల్ లేదు. ఆ కొండ మొత్తం మీద డీజిల్ ఉన్నది ఒవీదియో చెల్లెలు కూకా ఒక్కదాని దగ్గరే. మనవరాలికి పదిహేనేళ్ళు నిండే పండగ వచ్చే నెలలో, ఇక్కడ అది పెళ్ళంత సందడి. కరెంటు పోతే పాటలాగిపోతాయని జనరేటరు కోసం ఆర్నెల్లుగా మంచం కింద డబ్బా దాచింది. నెరెయ్దా గుమ్మంలో నిలబడి అడిగితే కూకా చేతిలో గరిటె కింద పెట్టనైనా లేదు.

"వదినా, పురుగుల కోసం నా మనవరాలి పండగ ఆపమంటావా?"

"పురుగులు కాదే, నత్తలు. చిన్నప్పుడు మనిద్దరం గోతాలకి గోతాలు ఏరామా లేదా? పెద్ద గిన్నెలో ఉడకబెట్టి, మాంసం కోళ్ళకి పారేసి, మా అమ్మా మీ అమ్మా ఆ గుల్లలతో అమ్మకానికి దండలు గుచ్చుతుంటే సూదికి దారం ఎక్కించామా లేదా? ఆ దండల కూడే తిని ఇంతదానివయ్యావు."

కూకా గరిటె కింద పెట్టింది. అప్పట్లో అందరూ చేసిందే, అది తప్పని ఎవరికీ తెలీదు. నెరెయ్దాకి మాత్రం ఒక్కో తెల్లవారుజామున ఆ గిన్నెలో గుల్లలు గలగలమన్న చప్పుడు చెవిలో వినిపించి దిగ్గున లేచి కూర్చుంటుంది. అమ్మ గుచ్చిన ఆఖరి దండ ఇంకా రేకు డబ్బాలో ఉంది. అరవై గుల్లలు, అన్నీ పసుపువే. మెడలో వేసుకోలేదు, పారేయనూ లేదు.

"సగమే ఇస్తా," అంటూ కూకా మంచం కిందికి వంగింది. "నత్తలు దిగకపోతే పండగలో నువ్వే పాడాలి. నీ గొంతుకి పిల్ల పెళ్ళి కూడా ఆగిపోతుంది."

పదకొండింటికి పంపు దడదడలాడింది. ఒవీదియో గొట్టం భుజాన వేసుకుని చెట్ల మధ్య తిరిగాడు. నీళ్ళు పైకి లేచి, ఆకుల మీద చెదిరి, జల్లై కురిశాయి. చుట్టుపక్కల వాళ్ళంతా పనులొదిలేసి వచ్చారు. గంటైంది, ఏమీ లేదు. గంటన్నర. అందరూ తడిసి ముద్దయ్యారు, నత్తలకి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు.

"ఇంతకీ వాటిల్లో లేచి చూడాల్సింది మొగుడా పెళ్ళామా?" అంది కూకా, తల మీంచి నీళ్ళు కారుతుంటే.

"రెండూ ఒకటే అత్తా," అంది లిస్బేత్, కళ్ళు పైనుంచి తిప్పకుండా. "ఒక్కో నత్తా ఆడా మగా కూడా. రెండు కలిస్తే రెండూ గుడ్లు పెడతాయి."

"అమ్మా, కరిదాద్ మాతా! ఎంత అదృష్టం! ఇంట్లో గొడవలే ఉండవన్నమాట!"

"ఎందుకుండవు? కలవబోయే ముందు ఒకదాన్నొకటి సూదంత బాణంతో పొడుచుకుంటాయి."

"అయితే మా అన్నా వదినా నత్తలే," అంది కూకా. అంత దిగుల్లోనూ అందరూ ఘొల్లున నవ్వారు.

ఆ నవ్వు మధ్యలో నెరెయ్దా చెయ్యెత్తింది. నవ్వొద్దన్నట్టు కాదు, ఏదో చూసినట్టు. తల పైన కొమ్మ కింద పసుపు బుడిపె ఒకటి రేకు వదిలించుకుని కదిలింది. రెండు కొమ్ములు బయటికొచ్చాయి, వాటి కింద మరో రెండు చిన్నవి. నిమ్మపండు పసుపు, మీద ముదురు ఆకుపచ్చ చారలు, అంచున ఎర్ర దారంలా గీత. అరవయ్యొక్కేళ్ళ మనిషి చిన్నపిల్లలా గెంతింది.

"లేచింది! లేచిందే అమ్మాయ్! అదిగో!"

"ఇంకోటి, పిన్నీ, ఎడమవైపు! అయ్యో, మూడోది!" లిస్బేత్ కాగితం మీద గబగబా గీతలు పెడుతోంది.

పైన ఎక్కడ చూసినా పసుపే. కాసేపు సంబరం మిన్నుముట్టింది. అంతలో కొత్త తంటా వచ్చిపడింది. ఆకుల్లో అవి కనపడీ కనపడకుండా తిరుగుతున్నాయి, ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెడుతున్నామేమోనని లిస్బేత్ కొట్టేసి మళ్ళీ రాస్తోంది. పదకొండు. కాదు, తొమ్మిది. పన్నెండు. మధ్యాహ్నం మూడు గంటలు దాటింది. నెరెయ్దా మాటిమాటికీ రోడ్డు మలుపు వైపు చూస్తోంది.

"ఇవి దిగితే బాగుండు," అంది లిస్బేత్. "తడి తగిలాక గుడ్లున్నవి నేలకి దిగాలి. మట్టిలోనే పెడతాయి."

దిగాయి. ముందు ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత చెట్టుకి రెండూ మూడూ చొప్పున, పొట్టతో పాకుతూ, కొమ్ములు చాచుకుంటూ దిగాయి. ఛాతీ ఎత్తున ఒవీదియో గీసిన గీత దగ్గరికొచ్చి ఆగిపోయాయి. సున్నం తగలగానే మంటకి కొమ్ములు ముడుచుకుని, పక్కకి జరిగి, మళ్ళీ ప్రయత్నించి, మళ్ళీ ఆగాయి. గీత పొడుగునా వరసగా నిలబడిపోయాయి. తెలుపు మీద పసుపు. గుడ్డివాడికైనా కనపడతాయి.

ఇప్పుడు కొట్టివేతలు లేవు. లిస్బేత్ చెట్టు చెట్టుకీ పరిగెత్తింది, వెనక ఊరంతా గొంతు కలిపి లెక్కపెట్టింది. ఇరవై! ఇరవై ఆరు! ముప్ఫై దగ్గర కూకా వేసిన కేకకి చెట్ల మీది చిలకలన్నీ లేచిపోయాయి. ముప్ఫై నాలుగు దగ్గర జీపు హారను వినిపించింది.

టోపీ పెట్టుకున్న పొట్టి ఆఫీసరు దిగి, ఒక్కో నత్తనీ వేలితో చూపిస్తూ తనే లెక్కపెట్టుకున్నాడు. సంతకం పెట్టాడు. "సరే. గీత ఏటి వైపు వేయిస్తా," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, సున్నం ఎవరేశారు? భలే నీటుగా ఉంది."

ఒవీదియో ఛాతీ పొంగింది. నోరు తెరవబోయి పెళ్ళాం మొహం చూశాడు. నోరు మూసుకున్నాడు.

జీపు మలుపు తిరిగిందో లేదో నెరెయ్దా అరిచింది. "ఏం చూస్తున్నారు? గుడ్లు కడుపులో పెట్టుకుని ఎంతసేపు నిలబడతాయవి? తోమండి!"

కొబ్బరి పీచుకి ఆ ఊళ్ళో కరువేముంది! తలా ఓ గుప్పెడు పట్టుకున్నారు. నాగజెముడు జిగురు కదా, ఊరికే వదలదు. చెట్టుకో అడుగు వెడల్పున పై నుంచి కింది దాకా దారి చెయ్యడానికి చేతులు మండిపోయాయి. అందరికంటే గట్టిగా తోమింది ఒవీదియో. పొద్దున తను వేసిన సున్నాన్ని తనే గోళ్ళతో సహా గీకుతూ, ఎవరూ అడక్కపోయినా, "పొరపాటైంది, పొరపాటైంది," అంటూనే ఉన్నాడు. పొద్దున పీకిన ఏడు నత్తల్నీ టోపీలోంచి తీసి, సున్నం అంటని నిమ్మచెట్టు మీద ఒక్కొక్కటిగా వదిలాడు.

నెరెయ్దా తోముతూ లెక్కపెడుతూనే ఉంది. తను చేసిన దారుల్లో దిగుతున్నవీ, పక్క చెట్ల మీద కూకా దారుల్లో దిగుతున్నవీ, ఏదీ వదల్లేదు. నలభై. యాభై రెండు.

"పిన్నీ, ముప్ఫై చాలు. కాగితం వెళ్ళిపోయింది," అంది లిస్బేత్, ఆవిడ పక్కన కూలబడుతూ.

నెరెయ్దా లెక్క ఆపలేదు. యాభై తొమ్మిది. అరవై. అక్కడ ఆగిపోయింది. ఎంతసేపు చూసినా చెట్టు మీద ఇంకేమీ కదల్లేదు. చేతిలో పీచు అలాగే ఉంది.

అప్పుడు ఆవిడ బెరడుకి ఆనించిన ఎడమ చేతి మీద చల్లగా ఏదో తగిలింది. నత్తకి ఆ చెయ్యి కూడా చెట్టే. మణికట్టు మీదుగా, వేళ్ళ మీదుగా మెల్లిగా పాకుతోంది.

"అరవై ఒకటి," అంది నెరెయ్దా. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు. "మా అమ్మ దండకి అరవయ్యే, అమ్మాయ్. ఇది ఒకటి ఎక్కువ."

వేలి కొస నేలకి ఆనించింది. నత్త దిగి, తడి మట్టిలో తల దూర్చి తవ్వడం మొదలుపెట్టింది.